పోలింగ్ సిబ్బంది ట్రైనింగ్: పీపీటీ తగ్గించండి, తప్పున్న మిషన్ చేతికివ్వండి

ఎన్నికల ట్రైనింగ్ అంటే మన జిల్లాల్లో ఒక స్థిరమైన రూపం ఉంది. ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాల్, మూడు వందల కుర్చీలు, తెర మీద పీపీటీ, చేతిలో మైకు. గంటన్నర సేపు స్లైడ్లు నడుస్తాయి. వెనక వరుసల్లో వాట్సాప్ నడుస్తుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక సగం మందికి కునుకు. చివర్లో ఒక టేబుల్ మీద ఒకే ఒక ఓటింగ్ మిషన్ పెడితే ముందు నిలబడ్డ పదిమంది చూస్తారు, మిగతావాళ్లు హాజరు సంతకం పెట్టి బస్టాండుకు పోతారు. పోలింగ్ రోజు పొద్దున 5:30కు, కొన్ని బూత్‌లను చూసుకునే సెక్టార్ ఆఫీసర్ ఫోన్ మోగడం మొదలైతే ఆ ఫోన్లలో ఎక్కువ భాగం ఈ హాల్లోనే పుట్టాయని లెక్క.

ఇది కొత్తగా మాస్టర్ ట్రైనర్లుగా వేసినవాళ్ల కోసం, ముఖ్యంగా అసెంబ్లీ నియోజకవర్గ స్థాయిలో పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నాను. కర్నూలు, అనంతపురం, కడప ఎక్కడైనా పద్ధతి ఒకటే, ఇబ్బందుల్లో మాత్రం కొంచెం తేడాలుంటాయి.

మొదట హాలు సంగతి. ఒక గదికి నలభై మందికి మించి కూర్చోబెట్టకండి. నలభై మందికి నాలుగు సెట్లు, అంటే సెట్టుకు పది మంది. సెట్టంటే సిబ్బంది దగ్గరుండే కంట్రోల్ యూనిట్, ఓటరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్, పడిన ఓటు స్లిప్పు చూపించే వీవీప్యాట్. ఒక్కొక్కరు కేబుళ్లు కలిపి, ఆన్ చేసి, ఓటు వేయించి, క్లోజ్ చేసి విప్పడానికి ఆరు నిమిషాలు వేసుకున్నా గంటలో పది మందీ అయిపోతారు. ట్రైనింగుకు ఇచ్చే మిషన్ల మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది. వాటిని పోలింగ్ మిషన్లున్న స్ట్రాంగ్ రూమ్ వైపు కూడా తీసుకెళ్లకూడదు. ఎక్కడ పెట్టాలో, ఎవరు సంతకం పెట్టి తీసుకోవాలో ముందురోజే ఏఆర్ఓ (సహాయ రిటర్నింగ్ అధికారి) ఆఫీసులో తేల్చుకోండి. క్లాసు మొదలయ్యే టైముకు మిషన్లు రాక, వచ్చేదాకా అదే పీపీటీని రెండోసారి తిప్పడం చాలాచోట్ల చూసే దృశ్యమే.

డ్యూటీ రద్దు అడిగేవాళ్లను హాల్లోకి రానివ్వకండి. గుండె ఆపరేషన్ కాగితాలు, గర్భిణుల రిపోర్టులు, రిటైర్మెంటు దగ్గరపడ్డ ఆర్డర్లు, అన్నీ ట్రైనింగు రోజే బయటికొస్తాయి. వాటికి గేటు దగ్గర వేరే కౌంటర్, వేరే క్లర్కు ఉండాలి. ట్రైనర్ చుట్టూ ఆ గుంపు చేరితే క్లాసు అక్కడితో సరి.

ఎవరికి ఎప్పుడు చెప్పాలనేది ర్యాండమైజేషన్‌ను, అంటే కంప్యూటర్ లాటరీతో డ్యూటీలు వేయడాన్ని బట్టి ఉంటుంది. మొదటి ర్యాండమైజేషన్ అయ్యాక జరిగే శిక్షణలో పీఓలు (ప్రిసైడింగ్ ఆఫీసర్లు), ఏపీఓలు (వాళ్ల సహాయకులు) తమది ఏ నియోజకవర్గమో తెలియకుండానే కూర్చుంటారు. రెండోదాంట్లో నియోజకవర్గం, పోలింగ్ పార్టీ (ఒక బూత్‌కు పోయే సిబ్బంది బృందం) తేలతాయి. ఏ బూత్ అనేది మూడోదాంట్లో, పోలింగుకు దగ్గర్లో తేలుతుంది. కాబట్టి మొదటి శిక్షణను మిషన్, ఫారాలకే వాడుకోవాలి. రెండోదాంట్లో పార్టీ మొత్తాన్ని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. పేర్లు పిలిచి, పార్టీ నంబర్ అట్టముక్క మీద రాసి బల్ల మీద పెడితే ఆ పనికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటను కక్కుర్తి పడి మిగిల్చుకోవద్దు. రేపు ఒకే బస్సులో పోయి, ఒకే బడిలో పడుకుని, తెల్లారి నాలుగింటికి లేచే మనుషులు ఒకరి మొహం ఒకరు ముందే చూసుకోవాలి.

నాకు నచ్చని విషయం ఒకటుంది. ఓపీఓలను (ఇతర పోలింగ్ అధికారులను) ఎవరూ సరిగ్గా పట్టించుకోరు. పీఓకు రెండుసార్లు శిక్షణ, ఓపీఓకు ఒక్కసారి, అదీ హడావిడిగా. కానీ ఇంకు పూసేది, ఓటర్ల సంతకాలుండే 17ఏ రిజిస్టర్ రాసేది, స్లిప్పులిచ్చేది, కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ బటన్ నొక్కేది వాళ్లే. 2024లో లాగా పార్లమెంటుకు, అసెంబ్లీకి ఒకేరోజు పోలింగ్ ఉంటే రెండు సెట్లు, రెండు రంగుల స్లిప్పులు. తెల్లది పార్లమెంటుకు, గులాబీది అసెంబ్లీకి. ఓటరు ఒక కంపార్ట్‌మెంటులో ఓటేసి రెండోది మరిచి బయటికి పోతుంటే పట్టుకుని వెనక్కి పంపాల్సింది ఓపీఓ. పీఓ ఆ టైములో ఏజెంటుతో మాట్లాడుతూ ఉంటాడు.

టైము ఎంత బిగుతో అందరికీ ఒక్కసారి లెక్కేసి చూపించండి. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు అంటే 660 నిమిషాలు. వెయ్యి మంది ఓటేస్తే ఒక్కొక్కరికి 40 సెకన్లు కూడా రావు. వీవీప్యాట్ స్లిప్పు అద్దంలో కనపడేదే 7 సెకన్లు. జాబితాలో పేరు వెతకడానికి ఒకరు రెండు నిమిషాలు తీసుకుంటే బయట వరుస ఎండలో పెరిగిపోతుంది. మే నెల కర్నూలు ఎండలో పెరిగిన వరుస గొడవగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఇప్పుడు అసలు సంగతి, చేత్తో చేయించే భాగం.

బాగున్న మిషన్ ఇచ్చి కలపమంటే ఎవరైనా కలుపుతారు. బ్యాలెట్ యూనిట్ కేబుల్ వీవీప్యాట్‌కు, వీవీప్యాట్ కేబుల్ కంట్రోల్ యూనిట్‌కు. అంతే. అందుకే నేను చెప్పేది, మిషన్‌లో ముందే తప్పు పెట్టి ఇవ్వండి. మొదటి సెట్టులో వీవీప్యాట్ వెనక ఉండే పేపర్ రోల్ లాక్ నాబ్‌ను అడ్డంగా, అంటే ప్రయాణంలో ఉంచే స్థితిలోనే వదిలేయండి. పని చేయించాలంటే దాన్ని నిలువుగా తిప్పాలి. పదిమందిలో ఆరేడుగురు కేబుళ్లు పీకి పెడతారు, పవర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, వెనక్కి మాత్రం చూడరు. ఒకసారి అలా తిప్పలు పడినవాడు నాబ్‌ను ఇక మరిచిపోడు.

రెండో సెట్టులో కేబుల్ కనెక్టర్‌ను సగమే గుచ్చి పెట్టండి. డిస్‌ప్లే మీద లింక్ ఎర్రర్ వస్తుంది. ఇక్కడ నేర్పాల్సింది కేబుల్ గట్టిగా తొయ్యడం కాదు. ఏ కేబుల్ ముట్టుకున్నా ముందు కంట్రోల్ యూనిట్ స్విచ్ ఆఫ్ చేయాలి. పవర్ ఆన్‌లో ఉండగా పీకి గుచ్చే అలవాటు టీవీ, సెట్‌టాప్ బాక్సు దగ్గర్నుంచి వచ్చింది, అది అంత తొందరగా పోదు. గొంతు చించుకుని చెప్పేదానికన్నా, ఆన్‌లో ఉండగా కేబుల్ మీద చెయ్యి వేసిన ప్రతివాణ్నీ ఆపి మొదటినుంచి చేయించడం మేలు.

మూడో సెట్టును కిటికీ పక్కన, నేరుగా వెలుతురు పడేచోట పెట్టి, ఎక్కడ తప్పుందో చెప్పమనండి. వీవీప్యాట్ లోపల సెన్సర్లుంటాయి. నెత్తిమీద బల్బు గానీ, ఎదురుగా ఎండ గానీ పడితే ఎర్రర్ ఇచ్చే అవకాశం ఎక్కువ. మన పల్లె బళ్లలో గదికి రెండు కిటికీలు, మధ్యలో వేలాడే బల్బు మామూలే. ముందురోజు సాయంత్రం బూత్‌లో చేరగానే, పొద్దున ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో చూసుకుని కంపార్ట్‌మెంటు జాగా నిర్ణయించాలి. రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద సెట్ చేసుకుంటే పొద్దున ఎనిమిదింటికి సూర్యుడు వచ్చి అద్దం మీద కూర్చుంటాడు.

నాలుగో సెట్టు అన్నిటికంటే ముఖ్యం. దాంట్లో యాభై ఓట్లు వేసి, క్లియర్ చేయకుండా ఇవ్వండి. ఏమీ చెప్పకండి. నేరుగా పోలింగ్ మొదలుపెట్టమనండి. టోటల్ బటన్ నొక్కి సున్నా ఉందో లేదో చూసినవాడు పాస్. చూడనివాడికి అక్కడే అర్థమవుతుంది.

మాక్ పోల్, అంటే అసలు పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట వేసి చూసే ఉత్తుత్తి ఓట్ల గురించి ఇంకొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే బూత్‌లో జరిగే పెద్ద తప్పులన్నీ ఆ తొంభై నిమిషాల్లోనే జరుగుతాయి. పోలింగ్ 7కు అయితే మాక్ పోల్ 5:30కు. కనీసం ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లు ఉండాలి, రాకపోతే పదిహేను నిమిషాలు చూసి మొదలుపెట్టాలి. నోటాతో సహా ప్రతి బటన్‌కూ ఓటు పడేలా కనీసం 50 ఓట్లు. ఓటుకు 15 సెకన్లు వేసుకున్నా ఒక సెట్టుకు పన్నెండు నిమిషాలు దాటుతుంది. రెండు సెట్లుంటే ఇద్దరు ఓపీఓలతో పక్కపక్కన ఒకేసారి నడపాలి, ఒకటయ్యాక ఒకటి అనుకుంటే టైము చాలదు. ఎవరికి ఎన్ని వేశారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోవాలి. ఆ తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్. ఈ వరస తప్పితే మిషన్ ఒప్పుకోదు. క్లోజ్ చేయనిదే రిజల్ట్ రాదు, రిజల్ట్ చూడనిదే క్లియర్ కాదు. చాలామంది ఆగిపోయేది రిజల్ట్ దగ్గర. అంకెలు టాలీ అయ్యాయి కదా, ఏజెంట్లు బాగుందన్నారు కదా అని కాగితాల మీదికి పోతారు. క్లియర్ అక్కడే ఉండిపోతుంది.

క్లియర్ చేసి ఏజెంట్లకు సున్నా చూపించాక వీవీప్యాట్ డబ్బా తెరిచి స్లిప్పులు తీయాలి. యాభై ఓట్లకు యాభై స్లిప్పులే ఉంటాయనుకుని లెక్క తేడా వచ్చిందని కంగారుపడేవాళ్లున్నారు. ఆన్ చేసినప్పుడు వీవీప్యాట్ తనంతట తానే 7 టెస్ట్ స్లిప్పులు వదులుతుంది. అవి అభ్యర్థి పేరున్న స్లిప్పులు కావు, పక్కన పెట్టి లెక్కించాలి. స్లిప్పుల వెనక మాక్ పోల్ ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీల్ చేసి, ఆ కవరును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గులాబీ పేపర్ సీల్ వేయాలి. స్లిప్పులు పడే ఆ డబ్బా (డ్రాప్ బాక్స్) ఖాళీ అయిందని ఏజెంట్లకు చూపించి అడ్రస్ ట్యాగ్‌తో సీల్ చేయాలి. మాక్ పోల్ సర్టిఫికెట్ మీద సంతకాలు అప్పుడే. సాయంత్రం పెట్టించుకుందాంలే అంటే ఏజెంట్ మారిపోయి ఉంటాడు.

క్లియర్ చేయకపోతే ఏమవుతుందో శిక్షణలోనే చెప్పండి, భయపెట్టడానికి కాదు, కారణం తెలిస్తే గుర్తుంటుంది. మాక్ పోల్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిన కంట్రోల్ యూనిట్‌ను కౌంటింగ్ రోజు పక్కన పెడతారు.  ఆ బూత్ వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించాల్సి వస్తుంది. ఒక్క బటన్ నొక్కనందుకు నియోజకవర్గ ఫలితం రాత్రిదాకా ఆగొచ్చు.

మిషన్ మార్చే నియమం కూడా చాలామందికి కలగాపులగం. మాక్ పోల్‌లో ఏది చెడితే దాన్నే మార్చాలి. అసలు పోలింగ్ మొదలయ్యాక కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ చెడితే మొత్తం సెట్టు, వీవీప్యాట్‌తో సహా, మార్చాలి. కొత్త సెట్టు మీద నోటాతో సహా ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓటు చొప్పున మాక్ పోల్ చేయాలి. వీవీప్యాట్ ఒక్కటే చెడితే అది ఒక్కటే మారుస్తారు, మాక్ పోల్ అక్కర్లేదు. ఈ మూడు వాక్యాలను పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాసి గోడకు అంటించండి. పీఓ మాన్యువల్ తెరిచి వెతికే టైము ఉండదు.

ఓటరు దగ్గర వచ్చే చిక్కులను చదివి వినిపిస్తే ఎవరికీ ఎక్కవు. మనుషుల్ని లేపి ఆడించాలి. ఒకరు ఓటరు, ఒకరు ఏజెంటు, ఒకరు పీఓ. ఛాలెంజ్ ఓటుకూ టెండర్ ఓటుకూ తేడా అలా తప్ప బుర్రకెక్కదు. ఇతను ఆ మనిషి కాదని ఏజెంటు అభ్యంతరం చెబితే అది ఛాలెంజ్, ఏజెంటు 2 రూపాయలు కట్టాలి, పీఓ విచారించి తేల్చాలి, ఫారం 14లో రాయాలి. నా ఓటు ఎవరో వేసిపోయారని ఓటరే వచ్చి అంటే, అతను అసలు మనిషేనని పీఓకు నమ్మకం కుదిరితే, టెండర్ బ్యాలెట్ పేపర్ ఇవ్వాలి. 17బీలో రాయాలి. అతన్ని మిషన్ దగ్గరికి పంపకూడదు. పంపితే సాయంత్రం లెక్క తప్పుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏఎస్‌డీ జాబితా గురించి. ఊళ్లో లేనివారు, వేరేచోటికి మారినవారు, చనిపోయినవారు అని బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) తయారుచేసే జాబితా అది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు సుగ్గికి (వలస కూలికి) పోయే కుటుంబాలు ఎక్కువ. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయినోళ్ల ఇంటికి బీఎల్ఓ వెళ్లినప్పుడు తాళం ఉంటుంది, జాబితాలో లేరని పడుతుంది. పోలింగ్ రోజుకు వాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఏఎస్‌డీలో పేరుందని ఓటు లేదు పొమ్మనకూడదు. గుర్తింపు కార్డును పీఓ స్వయంగా చూసి, డిక్లరేషన్ తీసుకుని, సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేయించి ఓటు వేయనివ్వాలి. ఇది తెలియని పీఓ ఒక్కడుంటే ఆ వీధి వీధంతా బూత్ ముందుకొస్తుంది. ఆలూరు, హాలహర్వి, హొళగుంద వైపు కన్నడం మాట్లాడే ఓటర్లు, కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ మాట్లాడే ఓటర్లు ఎక్కువ. బురఖాలో వచ్చే మహిళలను గుర్తించడానికి మహిళా ఓపీఓ, ఒక పక్కగా తెర ఉండాలి. పార్టీలో మహిళ లేకపోతే ఆ సంగతి డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లోనే సెక్టార్ ఆఫీసర్ చెవిన వేయాలి.

ఇంకు చిన్న సంగతే కానీ చేయించి చూపించాలి. సీసా పడిపోతే బల్ల, రిజిస్టర్ అన్నీ పాడు. చిన్న డబ్బాలో ఇసుక పోసి అందులో సీసా నిలబెట్టాలి. ఎడమచేతి చూపుడువేలి మీద నూనె, మట్టి ఉంటే గుడ్డతో తుడిచాకే పూయాలి, గోరు పైనుంచి మొదటి కణుపు దాకా గీత రావాలి. 17ఏలో సంతకం కంటే ముందే ఇంకు పూస్తే ఓటరు బయటికి పోయేలోపు ఆరుతుంది. 17ఏలో ఓటరు కార్డు చూపినవారికి ఈపీ అని రాస్తే చాలు, వేరే కార్డు చూపితే దాని చివరి నాలుగు అంకెలు రాయాలి.

ఇక సాయంత్రం. ఆరింటికి వరుసలో ఎంతమంది ఉంటే అంతమందికీ పీఓ సంతకం చేసిన స్లిప్పులు ఇవ్వాలి, అదీ చివర నిలబడ్డ మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలి. ముందునుంచి పంచుకుంటూ పోతే వెనక జనం చేరుతూనే ఉంటారు.

క్లోజ్ బటన్ పనిచేయట్లేదని వచ్చే ఫోన్లకు దాదాపు ఒకటే కారణం. చివరి ఓటరుకు బ్యాలెట్ ఇచ్చాక అతను ఓటేయకుండా పోయి ఉంటాడు, బిజీ లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. అది వెలుగుతున్నంతసేపూ క్లోజ్ నొక్కినా ఉపయోగం లేదు. కంట్రోల్ యూనిట్ స్విచ్ ఆఫ్ చేసి, వీవీప్యాట్ కేబుల్ తీసి, మళ్లీ ఆన్ చేస్తే బిజీ లైటు పోతుంది, అప్పుడు క్లోజ్ పనిచేస్తుంది. ఇది కూడా ట్రైనింగులో ప్రతి పీఓ చేత చేయించి తీరాలి. మధ్యలో అయితే ఇంత అక్కర్లేదు, తర్వాతి ఓటరును నేరుగా కంపార్ట్‌మెంటులోకి పంపితే సరి.

పడిన ఓట్ల లెక్క రాసే 17సీ నింపించేటప్పుడు ఉత్త ఫారం ఇవ్వకండి, అంకెలు ఇచ్చి నింపించండి. ఉదాహరణకు 17ఏలో చివరి వరుస సంఖ్య 842. సంతకం చేశాక ఓటు వేయనని పోయినవాడు ఒకడు, అది 49-ఓ నిబంధన. కంపార్ట్‌మెంటులో సెల్‌ఫోన్ తీసి గుట్టు బయటపెట్టినందుకు పీఓ ఆపేసినవాడు ఒకడు, అది 49-ఎం నిబంధన. అప్పుడు మిషన్‌లో 840 ఉండాలి. టెండర్ ఓట్లు రెండు అని కూడా ఇవ్వండి, చాలామంది వాటినీ తీసేసి 838 అంటారు. టెండర్ ఓటరు 17ఏలో లేడు, మిషన్‌లో లేడు, తీసేయడానికి ఏమీ లేదు. రెండు ఎన్నికలున్నప్పుడు రెండు 17సీలు, అంకెలు ఒకటే అవ్వాలని లేదు. ఒకదాన్ని చూసి ఇంకోదాంట్లో ఎక్కించేవాళ్లను అక్కడే పట్టుకోండి. ఏజెంట్లకు నకలు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. 17సీ, పీఓ డైరీ, మాక్ పోల్ సర్టిఫికెట్ సీలు వేసిన కవర్లలో పడకూడదు. ఆకుపచ్చ కవరు, పసుపు కవరు అని తొందరలో అన్నీ లోపల దోపి లక్క పోసి తెస్తే, రిసెప్షన్ కౌంటర్ దగ్గర అర్ధరాత్రి అవన్నీ మళ్లీ విప్పాలి.

సిబ్బంది తమ సొంత ఓటు వేసుకునే పోస్టల్ బ్యాలెట్ సంగతి కూడా మొదటి శిక్షణలోనే తేల్చాలి. దానికి అర్జీ పెట్టే ఫారం 12లో నియోజకవర్గం, పార్ట్ నంబర్, వరుస సంఖ్య తప్పయితే వెనక్కి వస్తుంది. జిల్లాలు విడిపోయాక కర్నూలులో ఉద్యోగం, నంద్యాలలో ఓటు ఉన్నవాళ్లు చాలామంది. ఫోన్‌లో జాబితా తెరిచి అక్కడికక్కడే నంబర్ సరిచూసి రాయించండి. డ్యూటీ సిబ్బంది ఓటేసే ఫెసిలిటేషన్ సెంటర్‌లో ఓటేసేటప్పుడు 13ఏ డిక్లరేషన్ మీద సంతకం, అటెస్టేషన్ లేకపోతే ఆ ఓటు చెల్లదు.

పంపిణీ రోజు చెప్పేవి కొన్నే. మిషన్ల నంబర్లు ఆర్డర్‌తో సరిచూసుకోవడం, మార్క్‌డ్ కాపీ (ఓటేసినవారి పేర్లు గుర్తుపెట్టుకునే ఓటరు జాబితా) తమ పార్ట్‌దే అవునో కాదో చూసుకోవడం, గ్రీన్ పేపర్ సీళ్లు, స్పెషల్ ట్యాగులు, లోహపు సీలు, బాణం గుర్తు ముద్ర లెక్కపెట్టుకోవడం. అక్కడ గానీ, రాత్రి బూత్‌లో గానీ మిషన్ ఆన్ చేసి చూడకూడదు. ఆసక్తి కొద్దీ ఆన్ చేస్తే వీవీప్యాట్ స్లిప్పులు వదులుతుంది, బ్యాటరీ తగ్గుతుంది, పొద్దున సమాధానం చెప్పలేరు. ఊళ్లో ఎవరింటి భోజనానికీ పోవద్దని కూడా గట్టిగా చెప్పండి. మన సీమలో పిలిచి అన్నం పెట్టకపోతే తప్పు, పోతే ఇంకా పెద్ద తప్పు. సరుకులు కట్టించుకుని పోయి బడిలోనే వండించుకోవాలి.

వాపసు వచ్చేటప్పుడు వీవీప్యాట్ బ్యాటరీ తీసేయాలి, కంట్రోల్ యూనిట్ బ్యాటరీ తీయకూడదు. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. పేపర్ రోల్ నాబ్‌ను మళ్లీ అడ్డంగా తిప్పాకే వీవీప్యాట్‌ను పెట్టెలో పెట్టాలి.